తిమింగలానికి పుట్టిల్లు

పరగోడు ఆనకట్ట దాటిన చిత్రావతి నీరు పెన్నలో కలిసి, నెల్లూరు సీమలో కడలి చేరుతుంది. సముద్రంతో మనకున్న చుట్టరికం అంతే. అయినా తిమింగలం పేరు ఎరుగని పిల్లలు మనలో లేరు. కన్నడ బడిలోనూ అది 'తిమింగిల'మే. అందులో మన చెవికి 'మింగు' వినబడుతుంది గాని, అది సంస్కృతపు 'గిల'. 'తిమి' అనే మహామత్స్యాన్ని మింగేదని అర్థం. పేరే ఒక భయం కథ! చిట్టి రొయ్యల వంటి జీవాలు తిని బతికే నీలి తిమింగలానికి ఇది అన్యాయమే.

తిమింగల సొర సంగతి వేరు. అది చేప, చేపలన్నిటిలోకీ పెద్దది. పడవలకు పూసే నూనె కోసం, తర్వాత ఎగుమతి మాంసం కోసం గుజరాత్ తీరాన దాన్ని వందల సంఖ్యలో చంపేవారు. పీపాలు కట్టి వేటాడేవారు గనుక దాని పేరూ 'బ్యారెల్'. 2001లో చట్టం అడ్డుపడింది.

2004లో రామకథ చెప్పే మొరారి బాపు, అది కాన్పుకు పుట్టింటికి వచ్చే కూతురు వంటిదన్నారు. బ్యారెల్ 'వ్హాలీ' అయింది, అంటే ప్రియమైనది. ఆ కథనే వీధి నాటకంగా ఆడారు. జాలరులు తమ వలలు తామే కోసి వందలాది సొరలను వదిలారు. తెగిన వలకు ప్రభుత్వం పరిహారమిచ్చింది. బ్యాంకువాణ్ణి, ఆ పద్దును తక్కువ చేయను. కాని ముందు కదిలించింది కథే.

తొలి కాన్పుకు ఆడబిడ్డను తీసుకురావడం బాగేపల్లి, చింతామణి పిల్లలు ఇంట్లో చూసేదే. వాళ్లకీ కథ చెప్పడానికి సముద్రం చూపనక్కరలేదు. చిత్రావతి చేరే బంగాళాఖాతంలోనూ ఈ సొరలున్నాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరాన వలలో పడిన ఒకదాన్ని మళ్లీ నీళ్లలోకి పంపారు.