ఏటిపాల: మనకి లేదనుకున్న విల్లో

సంక్రాంతికి ఊరెళ్తూ తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. చేతిలో ఒక అనువాద నవల. అందులో మంచుకొండల మీద చీలమండ ఎత్తు కూడా పెరగని ‘విల్లో’ పొద ఒకటి వస్తుంది. అనువాదకుడు ఆ మాటని అలాగే ఉంచేశాడు. తప్పేముంది, మన దగ్గర లేని చెట్టుకి తెలుగు మాట ఎక్కడ్నుంచి తెస్తాం అనుకున్నాను.

కానీ విల్లోకి తెలుగు మాట ఉంది: ఏటిపాల. అది మన భాషలోంచి పుస్తకంలోకి ఎక్కిన దారి ఆ మంచుకొండల దగ్గరే మొదలవుతుంది.

నవల్లోని పొద బహుశా సాలిక్స్ హెర్బేసియా. ఎత్తు ఐదారు సెంటీమీటర్లు. చలిగాలికి దొరక్కుండా కాండం చాలావరకు నేలలోనే పాకుతుంది, ఆకులు మాత్రం బయటికొస్తాయి. 1732లో లాప్‌లాండ్ తిరిగొచ్చిన లినేయస్ దీన్ని చెట్లన్నిటిలోకీ చిన్నదన్నాడు.

ఆయన శిష్యుడు కోనిగ్ 1764–65లో ఐస్‌లాండ్‌లో మొక్కలు సేకరించాడు. అక్కడి కొండవాలుల్లో ఈ పొద మామూలే. దాన్ని తొక్కకుండా నడిచి ఉండడు. అదే మనిషి 1768లో డేనిష్ వాళ్ల తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్‌కి స్నేహితుడయ్యాడు. 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. చివరి రోజుల్లో చూసుకున్నది రాక్స్‌బర్గే.

పదేళ్లకి, 1795లో, రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం లండన్‌లో అచ్చవడం మొదలైంది. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మొదటి సంపుటిలో 97వ బొమ్మ మన విల్లోది: సాలిక్స్ టెట్రాస్పెర్మా, అంటే నాలుగు విత్తనాలది. ఏటి ఒడ్డున పెరిగే చెట్టు. చలికి భయపడి వంగాల్సిన అవసరం దానికి లేదు, నిటారుగా పెరుగుతుంది.

ఇక్కడే నాకు గుచ్చుకునే విషయం ఉంది. లినేయస్, కోనిగ్, రాక్స్‌బర్గ్... ఎవరి తర్వాత ఎవరో పేర్లతో సహా చెప్పగలను. ఆ బొమ్మలు వేసింది మనదేశపు చిత్రకారులు. పుస్తకం మీద వాళ్ల పేర్లు లేవు. రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకునేవాడు. అవి చెప్పిన వాళ్లెవరు? ఆకు చూడగానే పేరు చెప్పగలిగిన ఆ మనిషి పేరే మనకి మిగల్లేదు.

ఇంటికెళ్లి బాపట్లలో వ్యవసాయం చదువుకున్న మా బాబాయిని అడిగాను.

“సాలిక్సా? తెలుసు. తెలుగులో ఏమంటార్రా?” అన్నాడు.

లాటిన్ పేరు మిగిలింది. తెలుగు పేరు నేను చెప్పాల్సొచ్చింది.

నవల మార్జిన్‌లో ‘విల్లో’ పక్కన పెన్సిల్‌తో ‘పొట్టి ఏటిపాల’ అని రాసుకున్నాను. ఏరు లేని మంచుకొండ మీద ఏటిపాల ఏంటని ఎవరైనా అడగొచ్చు. అడగనివ్వండి. అడిగితే ఈ కథంతా చెప్పొచ్చు.