తోంద్ కరిగాక తఖ్త్ దక్కింది



మన దావతుల్లో తోంద్ అంటే మజాక్. "ఎన్నో నెల భాయ్?" అని నవ్వుతూనే ఇంకో ప్లేటు బిర్యానీ వడ్డిస్తాం. తారీఖ్‌లో ఒక బాద్‌షాకి మాత్రం ఒళ్లు పెరిగి తఖ్త్ పోయింది. అతని ఇలాజ్ జరిగింది మన ఖుర్తుబాలో, అంటే ఇప్పటి స్పెయిన్‌లోని కోర్దోబాలో.

స్పెయిన్ ఉత్తరాన లియోన్ అనే క్రైస్తవ రాజ్యం ఉండేది. 956లో సాంచో దానికి రాజయ్యాడు. తారీఖ్‌లో అతని పేరే 'లావు సాంచో'. గుర్రం ఎక్కలేడు. ఆ జమానాలో గుర్రం ఎక్కలేనివాడు ఫౌజ్‌ని ఏం నడుపుతాడు? 958లో సర్దార్లు అతన్ని దించేసి ఇంకొకర్ని కూర్చోబెట్టారు.

సాంచో నానీ పేరు తోదా, నవార్రా రాణి. 939లో సిమాంకాస్ దగ్గర ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ ఫౌజ్‌ని ఓడించిన వాళ్లలో ఆమె రాజ్యం కూడా ఉంది. నవాసా కోసం ఆ దుష్మన్ గడపే తొక్కింది. ఇక్కడ ఒక రిష్తేదారీ ఉంది. తోదాని కన్న తల్లే ఖలీఫా తండ్రినీ కన్నది. అంటే తోదా ఖలీఫాకి ఫుప్పీ అవుతుంది! పాఠాల్లో హిలాల్‌కీ సలీబ్‌కీ జంగ్ అని చదువుతాం గానీ, ఇళ్లలో సంగతి వేరే.

ఖలీఫా తన దర్బారు హకీం హస్దాయ్ ఇబ్న్ షప్రూత్‌ని పంపాడు. ఆయన యూదుడు, రాయబారి కూడా. ఇలాజ్ కావాలంటే ఖుర్తుబాకే రావాలని ఆయన షరతు పెట్టారు. ఇందులో సియాసత్ ఉంది, నిజమే. నానీ, నవాసా ఇద్దరూ ఖలీఫా ముందు నిలబడితే ఇజ్జత్ ఎవరికో చెప్పక్కర్లేదు. కానీ నాకు ఇందులో హిక్మత్ కూడా కనిపిస్తుంది. సొంత దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని పర్హేజ్ చేయడం ఎంత కష్టమో షుగర్ ఉన్న మన చాచాలని అడగండి.

సాంచో నోరు కుట్టేశారని, తాళ్లు కట్టి నడిపించారని తర్వాత కథలు పుట్టాయి. నేను నమ్మను. హస్దాయ్ మూలికలు, మందుల ఇల్మ్ ఉన్న హకీం, జల్లాద్ కాదు. సాంచో ఒళ్లు తగ్గింది. 960లో ఖలీఫా ఫౌజ్ తోడుతో లియోన్ తఖ్త్ మళ్లీ ఎక్కాడు. ఫీజు కింద ఇస్తానన్న కోటలు ఇవ్వకుండా నాన్చాడు, అది వేరే ఖిస్సా.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకి బుఖారా దగ్గర ఇబ్న్ సీనా పుట్టారు. లావు తగ్గడానికి ఆయన 'అల్ ఖానూన్'లో చెప్పింది: కడుపు నింపేదే గానీ బలం తక్కువున్న ఆహారం, తినే ముందు హమ్మాం, గట్టి వ్యాయామం. హమ్మాం సంగతి వదిలేసినా, ఆకుకూరలు, సొరకాయ, దోసకాయ ముందు తిని అన్నం తగ్గించమని నేటి డాక్టర్లు చెప్పేది దాదాపు అదే.

లావు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ ముఖ్యమని 1947లో ఫ్రాన్స్ డాక్టర్ జాఁ వాగ్ రాశారు. నడుము పైన చేరే కొవ్వే షుగర్‌కి, గుండెజబ్బుకి దారి అన్నారు. 2004లో పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ తమ ఒళ్లు తామే కొలుచుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! "మావాడు సన్నమే, కాస్త పొట్ట ఉందంతే" అనే అమ్మీలు ఇది చదవాలి.

అందుకే మన దేశం వాళ్లకి నడుము హద్దు వేరే పెట్టారు: మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. దర్జీ టేపు చాలు. పక్కటెముకల కిందికీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి వదిలాక కొలవండి. పొట్ట లోపలికి పీల్చొద్దు!

పొట్ట వ్యాయామాలొక్కటే చేస్తే పొట్ట కొవ్వు ఒక్కటే కరగదు, మొత్తం ఒళ్లు తగ్గాలి. ఇషా తర్వాత అరగంట నడక, రాత్రి అన్నం సగం, చాయ్‌లో చక్కెర బంద్, నిద్ర సరిగ్గా. మూడో వంతు మాట మన ఇళ్లలో పిల్లలకీ తెలుసు, వలీమాలోనే ఎవరికీ గుర్తుండదు. షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టర్‌ని అడగండి. మందు మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు.