మోకాలు మంచం దిగిన నూరేళ్లు

1912లో ఇద్దరు డెన్మార్క్ డాక్టర్లు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, రెండు పనులు చేశారు. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ మదనపల్లెలో క్షయ రోగులకు శానటోరియం తెరిచాడు. మూడేళ్లకు అది ఊరి బయట ఆరోగ్యవరంలో స్థిరపడింది. సెవెరిన్ నార్డెన్‌టాఫ్ట్ బెర్లిన్ సర్జన్ల మహాసభలో, సన్నటి గొట్టంతో మోకాలి లోపలికి తొంగి చూడొచ్చని చెప్పాడు. మొదటాయన వైద్యానికి మంచమే మూలం. రెండో ఆయన మాటను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మోకాలి రోగి పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే రోజు వచ్చింది మాత్రం ఆ దారినే.

అంతకుముందు మదనపల్లె సీమలో కాలు విరిగితే పుత్తూరు కట్టే గతి. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. విరిగిన ఎముకను కదలనీయకుండా పట్టి ఉంచడం వరకు అది పనికొచ్చేది. మోకాలి కీలు లోపల చిరిగిన మెత్తటి పొరకు ఏ కట్టు కట్టినా అందదు. ఇంగ్లీషు వైద్యం కట్టు వైద్యులను చిన్నచూపు చూసిందంటారు గాని, 19వ శతాబ్దంలో మోకాలి బద్ద తయారుచేసిన లివర్‌పూల్ డాక్టర్ హ్యూ ఓవెన్ థామస్ పుట్టిందీ ఎముకలు సరిచేసే కట్టువాళ్ల ఇంట్లోనే. ఆయన సిద్ధాంతం ఒక్కటే: కీలుకు విశ్రాంతి ఇవ్వాలి, అది ఎడతెగకుండా సాగాలి. కీళ్ల క్షయకు మందు లేని ఆ రోజుల్లో ఇంకో దారీ లేదు. మోకాలు వాచేది, తొడ ఎండిపోయేది, నెలలు గడిచాక రోగి లేచినా కీలు బిగుసుకుపోయి ఉండేది.

ఈ బిగుసుకుపోవడమే టోక్యో డాక్టర్ కెంజి టకాగిని వేధించింది. జపాన్‌వాళ్లు మనలాగే నేల మీద కూర్చునేవాళ్లు. మోకాలు ముడవలేని మనిషికి అక్కడ ఇంట్లో చోటు లేనట్టే. మోకాలి క్షయను ముందే కనిపెట్టాలని ఆయన 1918లో మూత్రాశయం చూసే గొట్టాన్ని శవం మోకాలిలోకి దించి చూశాడు. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు చెక్క తొక్కే నేతన్నకు మోకాలు ముడవలేని బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. టకాగి శిష్యుడు మసాకి వతనబే 1962లో బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలు దెబ్బతిన్న పదిహేడేళ్ల కుర్రాడికి, కీలు తెరవకుండా, చిరిగిన పొరను గొట్టం గుండానే కత్తిరించాడు. ఆరు వారాల్లో కుర్రాడు మళ్లీ ఆటలో దిగాడు.

ఈలోగా మంచానికి ఇంకో వైపు నుంచి దెబ్బ పడింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, పేదల ఇరుకిళ్లలో ఉంటూ మాత్రలు మింగిన క్షయ రోగులకూ శానటోరియంలో ఉన్నవాళ్లకూ దాదాపు ఒకేలా నయమైందని 1959లో తేల్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండీ గాలీ తక్కువే అయినా ఫలితం మారలేదు. శానటోరియాల కాలం చెల్లింది. ఆరోగ్యవరం క్రమంగా అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అయింది. నిజానికి ఆపరేషన్ చేసి, మంచం పట్టించకుండా అదే రోజు ఇంటికి పంపడం కూడా కొత్తదేమీ కాదు. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ పిల్లలకు చేసిన 8,988 ఆపరేషన్ల లెక్క 1909లోనే చెప్పాడు. పెద్దలకు అది మామూలు కావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

పుంగనూరువాళ్లయినా కుప్పంవాళ్లయినా పెద్ద వైద్యమంటే వేలూరుకో బెంగళూరుకో పోవడం పాత అలవాటు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల వచ్చాక కొంత ప్రయాణం తప్పింది. ఇప్పుడు ఆ గొట్టం ఆపరేషన్‌కు మోకాలి చిప్ప కింద అటూ ఇటూ రెండు చిన్న గాట్లు, నడుముకు సూది, లోపల పారే సెలైన్ నీళ్లు, టీవీలో తెల్లగా రేగిన పొర. కాళ్లకు స్పర్శ వచ్చి, మూత్రం పోసి, వాకర్‌తో నాలుగడుగులు వేస్తే ఇంటికి పంపేస్తారు.

అసలు పని అక్కడే మొదలు. కట్టు మీద లేత ఎర్రటి తడి కనబడగానే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. చాలాసార్లు అది రక్తం కలిసిన సెలైనే. మోకాలి కింద దిండు పెడితే హాయి, కాని పెట్టకూడదు. వంగిన కీలు వంగినట్టే బిగుస్తుంది. దిండు మడమ కింద పెట్టాలి. తొడ బిగించమంటే కండరం మాట వినదు. వినేదాకా గంటగంటకూ బిగిస్తూనే ఉండాలి, పాదం కిందికీ పైకీ ఆడించాలి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికే. మరుగుదొడ్డి నేల మీదిదైతే అన్నిటికన్నా పెద్ద చిక్కు అదే. నడుమ చిల్లున్న ప్లాస్టిక్ కుర్చీ ఆపరేషన్‌కు ముందే తెచ్చిపెట్టుకోవాలి. అవ్వ మాత్రం 'పప్పు తినబాకు నాయనా, చీము పడుతుంది' అంటుంది. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులోనే ఉన్నాయి.

సులువైన పని అతిగా చేయాలనిపిస్తుంది. 'గుజ్జు అరిగింది' అని వచ్చిన పెద్దవాళ్ల మోకాళ్లను ఇలా కడిగి పంపడం లోకమంతా సాగింది. 2002లో అమెరికాలో 180 మందిపై జరిగిన పరిశీలనలో, పైపైన గాట్లు మాత్రమే పెట్టినవాళ్లకూ నిజంగా చేసినవాళ్లకూ తేడా కనబడలేదు. 2013లో ఫిన్లాండ్ డాక్టర్లు వయసుతో చిరిగిన పొర కత్తిరింపులోనూ అదే చూశారు. అరుగుదలకు ముందు వ్యాయామం, బరువు తగ్గడం. అవి చాలకపోతే కీలు మార్పిడి. దానికి వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు కేంద్రం 2017లో రూ. 54,720 గరిష్ఠ ధర కట్టింది.

ఇక ఈ సీమ రోగులు తప్పక అడిగేది, అలిపిరి మెట్లు ఎప్పుడెక్కొచ్చని. పొర కత్తిరింపు జరిగినవాళ్లకు కొన్ని వారాలు చాలు. పొర కుట్టించుకున్నవాళ్లు నెలల తరబడి గొంతుకూర్చోకూడదు. తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తది వేయించుకున్న కుర్రాళ్లు ఆటకు దిగాలంటే దాదాపు తొమ్మిది నెలలు ఆగాలి. ఆ మెట్ల దారిలోని మోకాళ్ల పర్వతం దగ్గర మొక్కు తీర్చుకోవడానికి మోకాళ్ల మీద ఎక్కేవాళ్లయితే డాక్టర్ని అడగకుండా పోకూడదు.