కృష్ణాతీర సంస్థానాల దారి

అలంపురం నుంచి గద్వాల, బీచుపల్లి, వనపర్తి, కొల్లాపురం మీదుగా సోమశిలకు చేరే రహదారి యాత్ర. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు మునిగినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఇక్కడే తిరిగి కట్టారు. జటప్రోలు మదనగోపాలుడి గుడినీ అలాగే విప్పి వేరేచోట తిరిగి కట్టారు. గుళ్లయితే లేచి నిలిచాయి గాని, చెదిరిన ఊళ్ల జ్ఞాపకాలను నమోదు చేసే పని ఇంకా ఎంతో జరగాలి.

గద్వాలలో సోమనాద్రి కోట, చెన్నకేశవాలయం చూడదగ్గవి. మగ్గాల దగ్గర తప్పక ఆగాలి: నూలు చీరకు పట్టు అంచును కుట్టరు, కుప్పడం నేతలో పోగుకు పోగు మెలేసి కలుపుతారు. ఈ చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. కొల్లాపురం సురభి వంశీయుల సంస్థాన కేంద్రం. అక్కడికి దగ్గర్లోనే, కృష్ణ ఒడ్డున సోమశిల.