సర్వర్ ‘పంపాం’ అంటుంది.. మీ ఫోన్‌కు నోటిఫికేషన్ ఎందుకు రాదు?

కరెంటు బిల్లు కట్టడానికి ఇవాళే ఆఖరు రోజని పక్కింటివాళ్ల ఫోన్‌కు నోటిఫికేషన్ వచ్చింది. అదే యాప్ మీ ఫోన్‌లోనూ ఉంది. మీకు మాత్రం రాలేదు. ఫిర్యాదు చేస్తే ‘మా సర్వర్ నుంచి వెళ్లిందండీ’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మీరూ చెప్పడం లేదు. తేడా అంతా ‘వెళ్లింది’ అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది.

నిజానికి ఏ యాప్ సర్వరూ మీ ఫోన్‌తో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఆండ్రాయిడ్‌కైతే గూగుల్ వారి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ (ఎఫ్‌సీఎం), ఐఫోన్‌కైతే యాపిల్ పుష్ నోటిఫికేషన్ సర్వీస్ ఉంటాయి. యాపిల్ దీన్ని 2009లో తెచ్చింది. గూగుల్ పాత పద్ధతుల స్థానంలో ఎఫ్‌సీఎంను 2016లో తెచ్చింది. ఫోన్‌లో ఉన్న యాభై యాప్‌లూ తమ తమ సర్వర్లతో విడివిడిగా కనెక్షన్ తెరిచి ఉంచితే మధ్యాహ్నానికే బ్యాటరీ ఖాళీ. అందుకే ఫోన్ ఒకే కనెక్షన్ తెరిచి ఉంచుతుంది. అన్ని యాప్‌ల కబుర్లూ దాని మీదే వస్తాయి.

టోకెనే చిరునామా

యాప్ ఇన్‌స్టాల్ చేసి మొదటిసారి తెరవగానే ఎఫ్‌సీఎం దానికి ఒక పొడవాటి టోకెన్ ఇస్తుంది. యాప్ దాన్ని తన సర్వర్‌కు చెప్పాలి. మీ ఫోన్ నంబరుతో దీనికి సంబంధం లేదు. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా, డేటా క్లియర్ చేసినా, కొత్త ఫోన్‌కు మారినా టోకెన్ మారుతుంది. ఆ సంగతి సర్వర్‌లో నమోదు కాకపోతే కబురు పాత చిరునామాకే వెళ్తుంది. 270 రోజుల పాటు ఎఫ్‌సీఎంను పలకరించని ఆండ్రాయిడ్ టోకెన్‌ను గూగుల్ గడువు తీరినదిగా లెక్కగడుతుంది.

ఇప్పుడు పంపే వైపు చూద్దాం. సర్వర్ జావాలో నడుస్తోందనుకోండి. డెవలపర్ ఫైర్‌బేస్ అడ్మిన్ లైబ్రరీని కలుపుకొని, సర్వీస్ అకౌంట్ ఆధారాలు చూపించి, టోకెన్‌తో పాటు శీర్షిక, సందేశం పెట్టి ‘సెండ్’ అంటారు. సందేశం పరిమాణం 4,096 బైట్లు దాటకూడదు. ఒక విడతలో గరిష్ఠంగా 500 టోకెన్లకు పంపొచ్చు. బదులుగా సర్వర్‌కు ఒక మెసేజ్ ఐడీ వస్తుంది. అది పోస్టాఫీసు కౌంటర్లో ఉత్తరం ఇస్తే చేతికిచ్చే రసీదు లాంటిది. గూగుల్ తీసుకుందని అర్థం, మీకు అందిందని కాదు. చాలాచోట్ల ‘పంపాం’ అనే లెక్క ఈ రసీదుల లెక్కే.

యాప్ తీసేసిన ఫోన్‌కు పంపితే కొంతకాలానికి ‘అన్‌రిజిస్టర్డ్’ అనే ఎర్రర్ వస్తుంది. దాన్ని చూసి ఆ టోకెన్ తొలగించాలి. ఎర్రర్లను పట్టించుకోని సర్వర్ ఖాళీ ఇళ్లకు ఉత్తరాలు రాస్తూనే ఉంటుంది. ఇంకొకటి, ఎప్పటికీ మారని ఒకే సర్వర్ కీతో పంపే పాత పద్ధతిని గూగుల్ 2024లో మూసేసింది. ఇప్పుడు కొద్దిసేపే పనిచేసే యాక్సెస్ టోకెన్ కావాలి. కోడ్ మార్చుకోని సర్వర్ ఎన్నిసార్లు తలుపు తట్టినా లాభం లేదు.

నిన్నటి హెచ్చరిక ఇవాళ ఎందుకొస్తుంది?

ఫోన్ ఆఫ్‌లో ఉంటే సందేశం ఎఫ్‌సీఎం దగ్గర వేచి ఉంటుంది. గడువు ఏదీ చెప్పకపోతే నాలుగు వారాల వరకు! ‘మరో గంటలో భారీ వర్షం’ అన్న కబురు మర్నాడు ఎండలో మోగడం వెనక కారణం ఎక్కువగా ఇదే. పంపేటప్పుడే గడువు పెట్టాలి. జావా లైబ్రరీలో ఈ గడువు మిల్లీసెకన్లలో ఉంటుంది. గంట అనుకుని 3,600 అని రాస్తే నాలుగు సెకన్లు కూడా నిలవదు. చిన్న పొరపాటే, కానీ ఆ కాసేపు సిగ్నల్ లేని వాళ్లెవరికీ హెచ్చరిక అందదు.

ప్రాధాన్యం సంగతీ అంతే. కదలకుండా పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్ ‘డోజ్’ అనే నిద్రలోకి వెళ్తుంది. సాధారణ ప్రాధాన్యంతో వచ్చిన కబురు అది లేచేదాకా ఆగుతుంది. వరద హెచ్చరికకు ‘హై’ అని పెట్టాల్సింది పంపేవాళ్లే. పండుగ శుభాకాంక్షలకు అక్కర్లేదు.

మీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు యాప్ మీ అనుమతి అడగాలి. ఐఫోన్‌లోనూ అంతే. తొందరలో ‘డోంట్ అలో’ నొక్కేసి ఉంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి నోటిఫికేషన్స్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ‘ఫోర్స్ స్టాప్’ చేసిన యాప్‌కు, మీరు మళ్లీ తెరిచేదాకా ఏమీ రాదు. ఫోన్ మార్చాక యాప్ ఇన్‌స్టాల్ చేసి వదిలేయకుండా ఒకసారి లాగిన్ అవ్వండి. కొత్త టోకెన్ మీ ఖాతాకు జతయ్యేది చాలా యాప్‌లలో అప్పుడే.

2023లో దేశమంతటా ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగిన అత్యవసర హెచ్చరికల పరీక్ష గుర్తుందా? అది పుష్ నోటిఫికేషన్ కాదు, సెల్ బ్రాడ్‌కాస్ట్. దానికి యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, టోకెన్ అసలే అక్కర్లేదు. ఎంచుకున్న ప్రాంతంలోని టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి వెళ్తుంది. అలాంటి అలర్టులు మీ ఫోన్‌లో ఆన్‌లో ఉన్నాయో లేదో తెలుసుకోవాలంటే సెట్టింగ్స్ సెర్చ్‌లో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని వెతకండి.