జువా కాలీ
కెన్యాలో ఎక్కువగా ఆరుబయటే సాగే చిన్న చేతిపనుల, వ్యాపారాల రంగం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1972లో కెన్యాపై ఇచ్చిన నివేదికతో ఇలాంటి అసంఘటిత రంగం ఆర్థికవేత్తల కంటబడింది.

నైరోబీలోని కముకుంజి దీనికి పేరుమోసిన చోటు. పాత డ్రమ్ముల రేకును సుత్తులతో సాగగొట్టి ట్రంకు పెట్టెలు, పెనాలు, కుంపట్లు చేస్తారు. లోపల కాల్చిన మట్టి అమర్చిన, బొగ్గు ఆదాచేసే జికో కుంపటి 1980లలో ఈ పనివాళ్ల చేతుల మీదుగానే వంటిళ్లకు చేరింది.

చాలామందికి స్థలంపై పట్టా ఉండదు. తాకట్టు లేనిదే బ్యాంకు కదలదు. కముకుంజి పక్కనే ఉన్న గికొంబా బజారులో తరచూ మంటలు రేగుతాయి. సరుకు కాలితే పెట్టుబడి పోయినట్టే.

2007లో మొబైల్ సంస్థ సఫారీకామ్ తెచ్చిన ఎం-పెసాతో డబ్బు ఫోన్‌లోకి వచ్చింది. 2012లో మొదలైన ఎం-శ్వారీ తాకట్టు లేకుండానే చిన్న అప్పులిచ్చింది. 2016లో ప్రభుత్వం బ్యాంకు వడ్డీలకు చట్టంతో పరిమితి పెట్టింది. మంచి ఉద్దేశమే, ఫలితం మాత్రం బెడిసికొట్టింది: నష్టభయం ఎక్కువని బ్యాంకులు చిన్నవారికి అప్పులు తగ్గించాయి. 2019లో ఆ పరిమితిని ఎత్తేశారు. 2022 నాటి ప్రభుత్వ హస్లర్ ఫండ్ ఏడాదికి 8 శాతం వడ్డీపై 500 షిల్లింగుల నుంచి అప్పిస్తుంది. కూరగాయల గంపకు అది ఆసరా కావచ్చు గానీ, కొలిమికి చాలదు.