శాంతి పేరిట సాగిన యుద్ధం

అపాచీ యోధులనగానే మనకు కౌబాయ్ సినిమాలే గుర్తుకొస్తాయి. గుర్రాల మీద కేకలు వేస్తూ వచ్చి ఊళ్ళు తగలబెట్టేవాళ్ళు! ఆ బొమ్మను హాలీవుడ్ కంటే ఎంతో ముందే స్పానిష్ వలస ప్రభుత్వపు కాగితాలు గీశాయి. బడిలో తెలుగు చెప్పుకునేవాణ్ణి గనక నా చూపు మాటల మీదికే పోతుంది. అపాచీ అన్న పేరే వాళ్ళది కాదు. పొరుగు తెగ భాషలో 'శత్రువు' అనే మాట నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. తమను తాము వాళ్ళు పిలుచుకునే మాటకు 'మనుషులు' అని అర్థం.

నేటి ఉత్తర మెక్సికో, అరిజోనా, టెక్సాస్ నేలల్లో స్పెయిన్ ప్రెసిడియోలనే కోటలు కట్టింది. 1772 నాటి రాజశాసనం వాటిని ఒక వరసలో సర్ది, అపాచీలపై ఎడతెగని యుద్ధానికి ఆజ్ఞాపించింది. ఆ కోటల్లోని సైనికుడెవరు? పొరలు పొరలుగా కుట్టిన తోలుకోటు తొడిగిన పేదవాడు. చాలామట్టుకు ఆ సరిహద్దుల్లోనే పుట్టిన మిశ్రమ సంతతివాడు. జీతంలో పెద్దభాగం సరుకుల రూపంలో, అదీ పెంచిన ధరలకు ముట్టేది. అప్పుల్లో కూరుకున్న ఇతడు, వేటభూములు పోయి పశువులను తోలుకుపోతున్నవాడితో తలపడ్డాడు. అపాచీలు పశువులను తోలుకుపోతే కాగితాల్లో అది దొంగతనం. సైనికులు స్త్రీలనూ పిల్లలనూ చెరపడితే దండయాత్ర. చెరపట్టినవారిని 'పియెసాస్' అని, అంటే నగాలుగా, లెక్కగట్టారు. వారిలో ఎందరినో మెక్సికో నగరానికీ, అక్కణ్ణించి హవానాకూ తరలించారు.

అయితే అసలు చదవవలసింది 1786లో రాజప్రతినిధి బెర్నార్డో దె గాల్వెస్ సేనాని ఉగార్తెకు పంపిన ఆదేశపత్రం. యౌవనంలో చివావా సరిహద్దున అపాచీలతో స్వయంగా పోరాడినవాడాయన. యుద్ధం సాగించండి, శాంతి అడిగితే ఇవ్వండి అన్నాడు. కానుకలివ్వండి, సారా అలవాటు చేయండి, తెగల మధ్య తగవులు పెంచండి. తుపాకులూ ఇవ్వండి, అయితే గొట్టం పొడుగ్గా, మరలు బలహీనంగా ఉండాలి, తరచూ చెడిపోవాలి. మరమ్మతుకూ మందుగుండుకూ వాళ్ళు మన దగ్గరికే రావాలి, విల్లు మరిచిపోవాలి. తుపాకీ దట్టించేలోగా విల్లు ఎన్ని బాణాలు వేస్తుందో ఆ సైనికుడికి బాగా తెలుసు! వలస పాలనను ఎండగట్టడానికి ఇంతకన్న సాక్ష్యం బయట వెతకనక్కరలేదు.

హానోస్, టూసాన్ వంటి కోటల పక్కన శాంతి శిబిరాలు వెలిశాయి. మొక్కజొన్న, మాంసం, బెల్లం, పొగాకు పంచారు. అక్కడ చేరినవాళ్ళను 'మచ్చికైన అపాచీలు' అన్నారు. పశువులకు వాడే మాట! కాని వాళ్ళు అంత తేలిగ్గా మచ్చిక కాలేదు. రేషన్ తీసుకుంటూనే కొండలకు పోయి వచ్చేవారు, బేరమాడేవారు. 1821లో మెక్సికో స్వతంత్రమయ్యాక ఖజానా వట్టిపోయింది. 1831లో రేషన్ నిలిచింది, దాడులు మళ్ళీ మొదలయ్యాయి. 1835లో సొనోరా రాష్ట్ర ప్రభుత్వం అపాచీ యోధుడి నెత్తిచర్మానికి 100 పెసోల ధర కట్టింది.